బింగ్ వచ్చింది సరే, మీ పేజీ దాని కంట పడేదెలా?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

మైక్రోసాఫ్ట్ కంపెనీ ఈ నెల (2009 జూన్) మొదట్లో తెచ్చిన 'బింగ్' అనే కొత్త సెర్చ్ ఇంజిన్ గురించి మీరు ఆదివారం పేజీలో వేసిన వ్యాసం చదివాను. నాకు అమలాపురంలో గడియార స్తంభం దగ్గర ఓ చిన్న షాపు ఉంది. జిరాక్స్, డీటీపీ (అంటే కంప్యూటర్లో టైపు చేసి అచ్చుకి సిద్ధం చేయడం), నెట్ మూడూ చూస్తాం. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల వీసా కాగితాలు, ఇంటర్ మార్కులు, రైలు టికెట్లు అన్నీ మా బల్ల మీదుగానే వెళ్తాయి. ఈ ఊళ్లో జనం ఏం వెతుకుతారో, ఎలా వెతుకుతారో, దొరక్కపోతే ఏమంటారో పక్కన నిలబడి చూసే పని నాది. అందుకని మీ వ్యాసం మీద నాలుగు మాటలు రాయాలనిపించింది. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది. మొత్తం వేయకపోయినా ఫరవాలేదు గానీ, ఫాంట్ల గురించి రాసిన భాగం మాత్రం కత్తిరించకండి.

మీ రచయిత దీన్ని సంక్రాంతి కోడిపందెంలా రాశారు. ఇటు గూగుల్, అటు మైక్రోసాఫ్ట్, ఎవరి కత్తికి పదునెక్కువ అన్నట్టు. ఆ సందడిలో అసలు సంగతులు కొన్ని జారిపోయాయి. మైక్రోసాఫ్ట్‌కు సెర్చ్ కొత్త కాదు. 1998లోనే ఎంఎస్‌ఎన్ సెర్చ్ అని మొదలుపెట్టింది. అప్పట్లో వెతికే పని వేరే కంపెనీల చేత చేయించుకునేది. సొంత యంత్రాంగం కట్టుకున్నది 2004, 2005 ప్రాంతంలో. 2006లో దానికే విండోస్ లైవ్ సెర్చ్ అని పేరు పెట్టారు, మరుసటి ఏడు విండోస్ అనే మాట తీసేసి లైవ్ సెర్చ్ అన్నారు. ఇప్పుడు బింగ్. మధ్యలో, పోయిన ఏడాది ఫిబ్రవరిలో, యాహూని ఏకంగా కొనేద్దామని 4,460 కోట్ల డాలర్లకు బేరం పెట్టారు. యాహూ వాళ్లు చాలదన్నారు, వీళ్లు ఇంకొంచెం పెంచారు, అయినా కుదరక మే నెలలో వెనక్కి తగ్గారు. కొనడం కుదరలేదు కాబట్టి సొంతంగా ఇంకోసారి గట్టిగా ప్రయత్నిద్దామన్నదే ఈ బింగ్. మే 28న కాలిఫోర్నియాలో కార్ల్స్‌బాడ్ అనే చోట జరిగిన సదస్సులో ఆ కంపెనీ పెద్ద స్టీవ్ బాల్మర్ ప్రకటించారు. జూన్ 3కల్లా అందరికీ తెరిచారు. ఏప్రిల్ లెక్కల ప్రకారం అమెరికాలో నూటికి 64 వెతుకులాటలు గూగుల్‌లో, 20 యాహూలో జరుగుతుంటే మైక్రోసాఫ్ట్ వాటా 8 మాత్రమే. ఆఫీసుల్లో, ఇళ్లల్లో ఎక్కడ చూసినా తన విండోస్ ఉండి కూడా ఎనిమిదే అంటే వాళ్లకి ఎంత మంటగా ఉంటుందో ఊహించవచ్చు.

ఆ విండోస్ సంగతి మీ వ్యాసంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. మా షాపులో మాత్రం కథంతా అక్కడే ఉంది. మా దగ్గర అన్నీ విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు. నీలం రంగు 'ఈ' గుర్తు నొక్కితే నెట్ చూపించే మైక్రోసాఫ్ట్ వాళ్ల బ్రౌజర్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. వచ్చేవాళ్లలో సగం మందికి పైనున్న అడ్రస్ పెట్టెకి, గూగుల్ పెట్టెకి తేడా తెలీదు. ఎక్కడ తెల్లగా కనపడితే అక్కడ ఎంసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కేస్తారు. అడ్రస్ పెట్టెలో అలా వట్టి మాట కొడితే ఎక్స్‌ప్లోరర్ ఏం చేస్తుందండీ? దాన్ని తన కంపెనీ సెర్చ్‌కే పంపిస్తుంది. ఇన్నాళ్లూ అది లైవ్ సెర్చ్ పేజీకి వెళ్లేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈ నెలలో అదే దారి బింగ్‌కి తిరిగింది. ఓ ఇంటర్ కుర్రాడు కేబిన్‌లోంచి "అక్కా, గూగుల్ పోయింది, ఏదో వైరస్ వచ్చింది" అని కేక పెట్టాడు. వెళ్లి చూస్తే బింగ్. తెర నిండా ఫొటో, మధ్యలో పెట్టె. ఇదీ సెర్చేరా అంటే నమ్మలేదు. "ఇది వద్దు, మామూలుది పెట్టు" అన్నాడు. తెలిసి వచ్చినవాళ్ల కంటే ఇలా తప్పుదారిన వచ్చిపడినవాళ్లే మా ఊళ్లో బింగ్‌కి తొలి కస్టమర్లు. కోట్ల డాలర్ల ప్రకటనల కన్నా ఆ అడ్రస్ పెట్టె బలమైనదని నా అభిప్రాయం. గూగుల్‌కి కూడా ఈ సంగతి తెలుసు కాబట్టే ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్ తయారుచేసేవాళ్లకి డబ్బిచ్చి మరీ దాని మొదటి పేజీలో కూర్చుంది. మనిషి ఏ పెట్టెలో కొడతాడన్నది అతను షాపులోకి రాకముందే ఎవరో ఒకరు నిర్ణయించేసి ఉంటారు.

బింగ్‌ని నేను తీరిగ్గా వాడి చూశాను. బాగుంది. నిజంగానే బాగుంది. ఏదైనా వెతికితే ఎడమ పక్కన దానికి సంబంధించిన మాటలు పేర్చి చూపిస్తుంది. ఫలితం పక్కన మౌస్ పెడితే ఆ పేజీలో ఏముందో కొంచెం రుచి చూపిస్తుంది. దాంతో లింకు నొక్కి, పేజీ తెరుచుకునేదాకా కాచుకుని, 'ఇది కాదు' అని వెనక్కి రావడం తగ్గుతుంది. గంటకి పదిహేను రూపాయలిచ్చి కూర్చున్నవాడికి అది చిన్న మేలు కాదు. వీడియోల మీద మౌస్ పెడితే అక్కడికక్కడే ఆడడం మొదలవుతుంది. ఇది మాత్రం నాకు నచ్చలేదు. మా కనెక్షన్‌కి నెలకి ఇన్ని జీబీలని లిమిట్, దాటితే ఎంబీకి ఇంతని బిల్లు. పైగా ఎండాకాలం సెలవులకి పిల్లలు వస్తుంటారు. ఏ బొమ్మ మీద మౌస్ పోతుందో ఎవరు కనిపెట్టుకుని కూర్చుంటారు?

వాళ్లు బాగా గొప్పగా చెప్పుకున్న నాలుగు విభాగాలు షాపింగ్, ప్రయాణం, ఆరోగ్యం, చుట్టుపక్కల దుకాణాలు. విమానం టికెట్ ధర పెరుగుతుందా తగ్గుతుందా అని జోస్యం చెప్పే సదుపాయం కూడా ఉంది. అది పోయిన ఏడాది ఫేర్‌కాస్ట్ అనే కంపెనీని కొని తెచ్చుకున్నది. అమెరికా ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకి పనికొస్తుంది. అక్కడున్న మనవాళ్లు వాడుకుంటారు, సంతోషం. అమలాపురం నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో కిటికీ సీటు ఉందో లేదో చెప్పే జోస్యం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఇంతకీ నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది.

అంబాజీపేట వైపు నుంచి ఒక రైతు వచ్చారు. పెద్దాయన, రెండెకరాల కొబ్బరి తోట. పిందెల తొడిమ కింద గోధుమరంగు మచ్చలు పడి, అవి చారలుగా పగిలి, కాయ ఎదగకుండా గిడసబారిపోతోందట. దింపు దింపుకీ కాయ చిన్నదవుతోంది, వ్యాపారి రెండు కాయల్ని ఒకటిగా లెక్క కడుతున్నాడు అన్నారు. ఇరియోఫిడ్ నల్లి అంటారు దాన్ని, కోనసీమలో ఈ పేరు తెలియని తోట లేదు. ఆయన అడిగింది సులువైన సంగతే. "అమ్మా, పోయినేడాది పేపర్లో రైతుల పేజీలో దీనికి వేపమందు వేరుకి ఎలా కట్టాలో బొమ్మలతో సహా వేశారు. ఆ పేపరు మా ఇంటిది పాత సామాన్లవాడికి వేసేసింది. నెట్‌లో ఉంటుందన్నారు, తీసి పెడతావా?"

ఆ పేపరు మీదే సార్. ఆయన చెప్పింది నిజమే, నేనూ ఆ పేజీ చూసిన గుర్తు ఉంది.

ముందు గూగుల్‌లో కొట్టాను. కొబ్బరి నల్లి, కొబ్బరి తెగులు, వేపనూనె, వేరు అంటూ తెలుగులో రకరకాలుగా వెతికాను. కొత్తది వచ్చింది కదా అని బింగ్‌లోనూ అవే కొట్టాను. ఎందులో ఏం వచ్చాయన్నది పక్కన పెట్టండి, మీ పేజీ మాత్రం రెండిట్లోనూ రాలేదు. ఇంగ్లీషులో కొడితే కాసరగోడ్‌లో ఉన్న కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ సమాచారం వచ్చింది. కేరళ, తమిళనాడు వాళ్లు రాసుకున్నవి వచ్చాయి. వాటిలో మందు ఉంది, మోతాదు ఉంది, కాయలు ఎన్నాళ్లు కోయకూడదో ఉంది. నేను చదివి, నాకు అర్థమైనంత ఆయనకి చెప్పి, దేనికైనా మంచిది ఒకసారి అంబాజీపేట పరిశోధన కేంద్రంలో అడగండి అన్నాను. "అక్కడికి వెళ్లడానికైతే ఇక్కడికి రావడం ఎందుకమ్మా, మా ఇంటి పక్కనే కదా" అని ఆయన నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. మన జిల్లా పంట గురించి, మన జిల్లా కేంద్రం వాళ్లు చెబితే, మన భాషలో, మన పత్రికలో అచ్చయిన కబురు అది. మీ వెబ్‌సైట్లో పెట్టిన మాటా నిజం. ప్రపంచంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ కొత్త సెర్చ్ ఇంజిన్ తెచ్చినా అది దొరకలేదంటే కారణం ఆ కంపెనీ కాదు.

కారణం ఫాంటు. డీటీపీ చేసేదాన్ని కాబట్టి దీని గురించి నాకు బాగా తెలుసు. మేము శుభలేఖలకీ కరపత్రాలకీ వాడే తెలుగు ఫాంట్లలో జరిగేది ఒక రకం మాయ. కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వాటి మీద తెలుగు బొమ్మలు తొడుగుతారు. డీటీపీకి వాడే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 'చి.ల.సౌ.' అని చక్కగా ఉంటుంది. అదే ముక్కని కాపీ చేసి మెయిల్లో పెట్టండి, డాలర్ గుర్తులూ బ్రాకెట్లూ ఎదురవుతాయి. పెళ్లివారు "ఈ కార్డుని అమెరికాలో ఉన్న మా అబ్బాయికి మెయిల్ చెయ్యి" అన్నప్పుడల్లా నేను దాన్ని ఫొటోగా మార్చి పంపేది అందుకే. కాగితం మీద అచ్చు వేసుకోవడానికి ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, ఇరవై ఏళ్లుగా తెలుగు అచ్చు పనంతా దాని మీదే నడిచింది. కానీ మీరు వెబ్‌సైట్లో కూడా అదే చేశారు. మీ సైటు తన సొంత ఫాంటుని దింపుకుని తెరపై తెలుగు చూపిస్తుంది. పాఠకుడికి తెలుగు కనపడుతుంది. సెర్చ్ ఇంజిన్‌కి కళ్లు లేవు కదా! అది పేజీల వెంట తిరిగి మాటలు ఏరుకుని పట్టిక రాసుకునే యంత్రం. మీ పేజీలో దానికి 'కొబ్బరి' అనే మాటే లేదు, ఏదో పిచ్చిగీతల గుంపు ఉంది. ఇక నేను కొబ్బరి అని కొడితే అది మీ పేజీని ఎక్కడినుంచి తెస్తుంది?

అదొక్కటే కాదు. మీ హెడింగులు కొన్ని అక్షరాలే కావు, బొమ్మలు. పైగా ఇవాళ రైతుల పేజీ ఏ చిరునామాలో ఉందో రేపూ అదే చిరునామాలో వేరే సరుకు పెడతారు. నిన్నటిది ఏమైనట్టు? పాత సంచికలంటూ ఉన్నా కొన్ని రోజులకే మాయం. గ్రంథాలయానికి వెళ్లి బైండు చేసిన పేపర్లు తిరగేస్తే 1975 నాటి వార్త దొరుకుతుంది, నెట్‌లో పోయిన ఏడాదిది దొరకదు.

యూనికోడ్ అని ఒకటి ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు. తెలుగుకి అందులో 1991లోనే చోటు ఇచ్చారు. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకటే సంఖ్య. 'క' అంటే రష్యాలో ఉన్న కంప్యూటర్లోనైనా 'క'నే. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న మైక్రోసాఫ్టే విండోస్ ఎక్స్‌పీతో పాటు తెలుగు యూనికోడ్ ఫాంటు ఒకటి ఇచ్చింది, దాని పేరు గౌతమి. మా కోనసీమకి ఓ పక్క పారే నది పేరు అమెరికా కంపెనీ ఫాంటుకి పెట్టుకుంది. ఎనిమిదేళ్లుగా అది ప్రతి ఎక్స్‌పీ సీడీలోనూ ఉంది, మన పత్రికలవాళ్లు చాలామంది దాని వైపు చూడలేదు. మరోపక్క జీతం లేని కుర్రాళ్లు ఏం చేశారో చూడండి. లేఖిని అని ఒకటి తయారుచేసి పెట్టారు, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు యూనికోడ్‌లో వస్తుంది. ఊరికే వాడుకోవచ్చు. 2003 డిసెంబరు నుంచి తెలుగు వికీపీడియా నడుస్తోంది. అందులో ఊళ్ల పేజీలు చాలావాటిలో రెండు వాక్యాలకి మించి లేవన్నది వేరే సంగతి, ఉన్న ఆ రెండు వాక్యాలూ వెతికితే దొరుకుతాయి. బ్లాగుల్లో ఎవరో ఆవకాయ పాళ్లు రాస్తే దొరుకుతాయి. లక్షల ప్రతులు అమ్మే దినపత్రికలో అచ్చయిన సేద్యపు సలహా దొరకదు. కొత్త సెర్చ్ ఇంజిన్ వచ్చినా, ఇంకో నాలుగు వచ్చినా తెలుగులో వెతికేవాడికి దొరికేది ఆవకాయే.

పోయినేడాది మీ ఆఫీసుకి ఫోన్ చేసి ఈ మాటే అడిగాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడారు. మూడు కారణాలు చెప్పారు. యూనికోడ్ పెడితే పాత కంప్యూటర్లలో అక్షరాల బదులు డబ్బాలు కనపడతాయన్నారు. కొంత నిజమే. ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లి, రీజినల్ ఆప్షన్స్‌లో రెండో పేజీలో టిక్కు పెట్టి, సీడీ వేస్తే ఆ డబ్బాలు పోతాయి. నేను మా షాపులో అన్నిటికీ చేశాను. ఈ ముక్క మీరు పత్రికలో ఒక్క రోజు బొమ్మ వేసి చూపిస్తే జిల్లా అంతా చేసుకుంటుంది. తెరపై యూనికోడ్ అంత అందంగా ఉండదన్నది రెండో కారణం. గౌతమి అందగత్తె కాదు, ఒప్పుకుంటాను. ఒత్తులు ఇరుకిరుకుగా ఉంటాయి. మీ దగ్గర మంచి అక్షరశిల్పులు ఉన్నారు కదా, ఇంతకన్నా మంచిది చేయించండి. అడ్డమెవరు?

మూడోదే అసలు కారణమని నా అనుమానం. యూనికోడ్ అయితే మా వార్తల్ని ఎవరైనా కాపీ కొట్టేస్తారు అన్నారాయన. సార్, కాపీ కొట్టేవాడు ఇప్పుడూ కొడుతున్నాడు. మా షాపులోనే కూర్చుని మీ పేజీ ఫొటో తీసుకుని తమ సైటులో పెట్టుకునేవాళ్లని చూశాను. కూర్చుని మళ్లీ టైపు చేసేవాళ్లనీ చూశాను. వాళ్లకి మీ తాళం అడ్డు కాదు. ఆ తాళం వల్ల ఆగిపోయింది మా అంబాజీపేట పెద్దాయన ఒక్కరే. ఆయన కొట్టేసే రకం కాదు, చదువుకునే రకం. ఇంకో మాట. ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' అని ఒక తోడు ముక్క దొరుకుతుంది. దాన్ని తగిలిస్తే మన పత్రికల సొంత ఫాంట్లని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపిస్తుంది. అంటే ఏ గుర్తుకి ఏ అక్షరమో పట్టిక ఎవరో ఎప్పుడో రాసేశారు. మీ తాళం చెవి ఊరందరి దగ్గరా ఉంది. సెర్చ్ కంపెనీలే ఆ పట్టికలు పెట్టుకుని పత్రిక పత్రికకీ మార్చుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. మార్చుకోవచ్చు. మన ఇల్లు మనం సర్దుకోకుండా చుట్టాల్ని సర్దమనడం ఏం మర్యాద?

ఇక మైక్రోసాఫ్ట్ వాళ్లని అడగాల్సింది కూడా ఒకటుంది. మీరు కొత్త సెర్చ్ ఇంజిన్‌ని పొగిడేటప్పుడు దీన్ని అడిగి ఉంటే బాగుండేది. ఇంగ్లీషులో ఊరి పేరు వాక్యంలో ఎక్కడ పడినా అలాగే ఉంటుంది. మన భాషలో అలా ఉండదు. అమలాపురం, అమలాపురంలో, అమలాపురానికి, అమలాపురపు, అమలాపురంవాళ్లు. మనిషికి ఇవన్నీ ఒకే ఊరు. అక్షరాలు పోల్చి చూసే యంత్రానికి వేరువేరు మాటలు. 'కొబ్బరిచెట్టు' అని కలిపి రాస్తే ఒకటి, విడదీస్తే రెండు. 'కొబ్బరికాయలకి' అని ఒకరు, 'కాయలకు' అని ఇంకొకరు. గోదారి అంటాం, గోదావరి అని రాస్తాం. రాజమండ్రి అంటాం, బోర్డు మీద రాజమహేంద్రవరం అని కూడా చూస్తాం. ఇవన్నీ ఒకటేనని యంత్రానికి నేర్పాలంటే తెలుగు వ్యాకరణం తెలిసినవాళ్లు కూర్చోవాలి. మైక్రోసాఫ్ట్‌కి హైదరాబాద్‌లో 1998 నుంచి అభివృద్ధి కేంద్రం ఉంది, గూగుల్‌కీ హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భారతీయ భాషల్లో వెతకడం మీదే పరిశోధన చేస్తున్నవాళ్లున్నారు. మధ్యలో ఆటోచార్జీ దూరమే కదా. అయితే వాళ్లు కూర్చోవాలన్నా ముందు వాళ్ల యంత్రానికి తెలుగు మాటలు కుప్పలు కుప్పలుగా కావాలి. ఆ కుప్పలు ఉన్నది పత్రికల దగ్గర. తిరిగి తిరిగి మళ్లీ మీ గుమ్మం దగ్గరికే వచ్చాను.

బింగ్ ఇంజినీరింగ్ పనిలో మన సత్య నాదెళ్ల పెద్ద హోదాలో ఉన్నారని, ఆయన ఐఏఎస్ యుగంధర్ గారి అబ్బాయని, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివారని తెలిసి నాకూ సంతోషమే. మీ వ్యాసంలో ఆయన మాట లేకపోవడం ఆశ్చర్యం, సాధారణంగా మన పత్రికలు అలాంటిది వదలవు. అయితే మనవాడు పైనున్నాడు కాబట్టి తెలుగు దానంతటదే బాగుపడుతుందని మాత్రం నేను అనుకోవడం లేదు. మనవాళ్లు పైనున్న కథలు చూశాం. 1999లో హైదరాబాద్ సత్యం వాళ్ల అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే, ఇండియావరల్డ్ అనే సైట్ల గుత్తిని 499 కోట్లకి కొంది. అందులో 'ఖోజ్' అని మన దేశపు సెర్చ్ కూడా ఉండేది. అప్పుడూ పేపర్లు ఇలాగే రాశాయి, ఇండియాకి సొంత సెర్చ్ వచ్చిందని. ఇవాళ మా షాపులో ఖోజ్ అంటే ఎవరికైనా గుర్తుందేమో అడిగి చూశాను, అందరూ నా మొహం చూశారు. బెంగళూరులో 2006లో గురూజీ అని ఇంకొకటి పెట్టారు, మన భాషల్లో వెతకడానికి వాళ్లూ కష్టపడుతున్నారు. వాళ్లకి అడ్డు తగిలేదీ ఈ ఫాంట్లే.

పోటీ మంచిదే. ఒకే కొట్టు ఉన్న ఊళ్లో ధర ఎలా ఉంటుందో మాకు తెలుసు. గూగుల్ ఒక్కటే అయితే అది చూపించిందే ప్రపంచం అనుకోవాల్సి వస్తుంది, ఇంకోటి ఉంటే పోల్చుకోవచ్చు. ఎంసెట్ కౌన్సెలింగ్ కోసం కాలేజీల గురించి వెతికే పిల్లలకి నేను ఇప్పుడు రెండిట్లోనూ కొట్టి చూడమంటున్నాను. పైన పక్కన వచ్చేవి ప్రకటనలు, డబ్బు కట్టి వేసుకున్నవి, వాటిని నమ్మి అప్లికేషన్ ఫీజు పంపకండి అని కూడా చెబుతున్నాను. ఈ సంగతి కూడా మీ వ్యాసంలో లేదు. సెర్చ్ మనకి ఊరికే ఇస్తున్నారంటే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తోందో ఓ పేరా రాసి ఉంటే, ఈ నెలలో కనీసం కొందరు తల్లిదండ్రులకి పనికొచ్చేది.

నా విన్నపం పెద్దదేమీ కాదు. పత్రికంతా రేపే మార్చమనడం లేదు. సినిమా పేజీ, రాజకీయాలు తర్వాత చూసుకోండి, రెండు రోజులు పోతే అవి ఎవరికీ అక్కర్లేదు. ముందు రైతుల పేజీ, ఆరోగ్యం పేజీ, చదువుల పేజీ యూనికోడ్‌లో పెట్టండి. ఒక్కొక్క వ్యాసానికి ఒక చిరునామా ఇచ్చి, దాన్ని మళ్లీ మార్చకండి. హెడింగుని బొమ్మగా కాకుండా అక్షరాలుగా ఉంచండి. పెట్టిన నెల తర్వాత గూగుల్‌లోనూ, బింగ్‌లోనూ 'కొబ్బరి నల్లి' అని కొట్టి చూద్దాం. వస్తే ఆ ప్రింటౌట్ తీసి అంబాజీపేట బస్సులో పంపిస్తాను, నల్ల వంతెన దగ్గర ఎక్కిస్తే చాలు.

పాత వ్యాసాలు మార్చడానికి మీ దగ్గర ఆపరేటర్లు చాలరంటే మాది డీటీపీ సెంటరే. మామూలు రేటు పేజీకి పదిహేను రూపాయలు. రైతుల పేజీకైతే పది.

ఇట్లు,
డీటీపీ, నెట్ సెంటర్ నిర్వాహకురాలు,
అమలాపురం, తూర్పు గోదావరి జిల్లా.
జూన్ 2009